ఒకే చర్చిలో రెండు మొరలు

ఆస్పత్రి లాండ్రీ నుంచి,
వానలు మొదలైన వారం

చెల్లెమ్మకు,

నిన్నూ నీ ఇంటినీ ప్రభువు చల్లగా చూడాలని కోరుతూ అక్క రాస్తున్నది.

ఫోన్ చేస్తే ఇద్దరం ఏడుపుతోనే సరిపెడుతున్నాం. చెప్పాలనుకున్నది చెప్పకుండానే పెట్టేస్తున్నాం. పైగా ఇక్కడ దుప్పట్లు మడతపెట్టేవాళ్ళంతా చెవులు నావైపే వేసి ఉంటారు. అందుకే ఉత్తరం. తడి బట్టలు ఆరబెట్టే మిషన్లో తిరుగుతున్నంతసేపూ నాకు స్టూలు మీద కూర్చునే వీలుంటుంది.

మనవాడి బెయిలు మళ్ళీ కొట్టేశారు. మనిషిని గుద్ది ఆపకుండా వెళ్ళిపోయినవాణ్ణి వదలకూడదన్నారట. లాయరుగారు మాత్రం బ్రేకులు పడలేదన్న మాట మీదే నిలబడదామంటున్నారు. తెల్లారీ తెల్లారని వేళ, అకాల వాన, మలుపు, వ్యాను నిండా బ్రెడ్డు ట్రేలు. తగిలింది మనిషని కూడా వాడికి తెలియలేదు. నేను నమ్మేది అదే. వాణ్ణి పెంచినదాన్ని. గోడ మీద పిల్లి తడుస్తుంటే తలుపు తీసి లోపలికి పిలిచే పిల్లాడు, మనిషిని కొట్టి వదిలేసి పోతాడా?

పోయినాయన పరాయివాడైతే ఇంత బాధ ఉండేది కాదేమో. మా చర్చిలో గంట కొట్టే తాతయ్య. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పటినుంచి ఆయన గంట వినే నిద్ర లేచాను. ఆ రోజూ గంట కొట్టడానికే బయల్దేరాడు. ఆయన భార్య, మా టైలరమ్మ, ఇప్పటికీ ముందు బల్ల మీద అదే చోట కూర్చుంటుంది. నేనే వెనక్కి, ఫ్యాను గాలి రాని మూలకి మారిపోయాను.

మొన్న ఆదివారం పాస్టరుగారు, న్యాయం కోసం జడ్జి గుమ్మం విడవకుండా తిరిగిన విధవరాలి ఉపమానం చెప్పారు. ప్రతి మాటా నాకోసమే అన్నట్టుంది. నేనూ విధవరాలినే. నాకూ ఉన్నది ఒక్క కొడుకే. శుక్రవారాలు ఉపవాసం పట్టాను. సంఘంలో నాకంటే ఎక్కువసేపు మోకాళ్ళ మీద ఉండేవాళ్ళు లేరని పాస్టరమ్మగారే అన్నారు. నా కొడుకు నిర్దోషిగా బయటికి వచ్చేదాకా దేవుణ్ణి వదిలేది లేదు. ముందు ఆయనకే విసుగు పుట్టాలి.

నువ్వున్న ఊళ్ళోనే ఆ జైలు ఉండటం నయమైంది. వాడు తింటున్నాడా? తువ్వాళ్ళు ఇచ్చావా? నన్నెందుకు రావద్దంటున్నావో ఈసారైనా సరిగ్గా చెప్పు.

అక్క


కళ్ళద్దాల షాపు వెనక గదిలోంచి

అక్కా,

తువ్వాళ్ళు ఇచ్చాను. సబ్బు ఇవ్వనివ్వలేదు, అక్కడే కొనుక్కోవాలట. తింటున్నాడు. అంటే, తింటున్నానంటున్నాడు. చెంపలు చూస్తే అలా లేవు. గడ్డం పెంచాడు, అచ్చం బావగారే. మా ఇద్దరి మధ్యా మందపాటి అద్దం, మాట్లాడుకోవడానికి చెరో ఫోను. ఆ అద్దం తుడిచి ఎన్నాళ్ళయిందో. పొద్దస్తమానం అద్దాలు అరగదీసి తుడిచేదాన్ని కదా, చెయ్యి ఊరుకోక కొంగుతో రుద్దబోతే కాపలా ఆయన కసిరాడు. దానికి మనవాడు నవ్వాడు. లోపలికెళ్ళాక వాడు నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

నువ్వు రావడం సంగతంటావా, ములాఖత్‌కి పేర్లు ముందుగా రాయించాలి. అది ఆలస్యమవుతుంది. తొందరపడకు.

నా ప్రార్థన గురించి మాత్రం అడక్కు. మోకాళ్ళు వేసే ఓపిక మొదటినుంచీ నీదే. నా వంతు కూడా నువ్వే కానిచ్చెయ్యి.

ఒక్కటడుగుతాను, కోప్పడవు కదా. ఆ టైలరమ్మతో ఒక్కసారైనా మాట్లాడావా? ఆవిడా అదే చర్చిలో అదే దేవుణ్ణి ఏదో అడుగుతూనే ఉంటుంది. ఏమడుగుతోందో?

చెల్లి


ఆస్పత్రి లాండ్రీ నుంచి

చెల్లెమ్మకు,

నీ ప్రశ్న నాకు నచ్చలేదు. నువ్వు మనవాడి తరఫునా, ఆవిడ తరఫునా అనిపించింది. కానీ నీ నోటి చలవేమో, బుధవారం కూడికలో దానికి జవాబు దొరికింది.

పాస్టరుగారు ఎవరి ప్రార్థన అవసరాలు వాళ్ళు చెప్పమన్నారు. టైలరమ్మ లేచింది. నా కొడుక్కి శిక్ష పడాలని అడుగుతుందనుకున్నాను. ఆవిడ అడిగింది అది కాదు.

"మా ఆయన్ని రోడ్డు మధ్యలోంచి ఎవరో పక్కకి జరిపారు. తలకింద సంచి మడిచి పెట్టారు. అంటే అప్పటికి ప్రాణం ఉంది. ఆ మనిషెవరో నాకు తెలియాలి. ఆయన బాగా నొప్పి పడ్డాడా, ఏమైనా అన్నాడా. దేవుణ్ణి నేనడిగేది అదొక్కటే" అని కూర్చుంది.

సంచి సంగతి నేను వినడం అదే మొదలు. చూశావా చెల్లీ, అక్కడ ఇంకో మనిషి ఉన్నాడు. ఆ మనిషి ముందుకొచ్చి సాక్ష్యం చెబితే, మనవాడు తెలియకే వెళ్ళిపోయాడని తేలిపోతుంది. అప్పటినుంచీ ఆవిడ మొరకి నా మొర కూడా జతచేశాను. ఆ మనిషిని బయటికి తీసుకురా తండ్రీ అని పొద్దున మిషన్ ఆన్ చేస్తూ అడుగుతున్నాను, అన్నం ముందు అడుగుతున్నాను, బస్సులో నిలబడి అడుగుతున్నాను. ఆవిడదీ నాదీ ఒకటే మొర కావడం దేవుడి పని కాక మరేమిటి?

ఒంట్లో మాత్రం ఓపిక అయిపోయింది. ఉపవాసం రోజున ఆవిరికి కళ్ళు తిరిగి, బట్టల బుట్ట పట్టుకుని కూర్చుండిపోయాను. ఫర్వాలేదులే.

అక్క


మా వంటింటి బల్ల దగ్గర నుంచి

అక్కా,

ఇది మిషన్ల మధ్య చదవకు. ఇంటికెళ్ళి, కూర్చుని చదువు.

నువ్వడుగుతున్న మనిషి దొరికాడు. ఎప్పుడో దొరికాడు, నేనే దాచాను. పేర్లు రాయించడం, ఆలస్యం, అవన్నీ నేను అల్లినవే. నిన్ను రావద్దన్నది జైలువాళ్ళు కాదు, వాడు. అమ్మ ముఖం చూస్తే అబద్ధం చెప్పలేనన్నాడు.

ఆ సంచి వాడిదే. ట్రేల మీద కప్పేది.

బ్రేకులు బాగానే ఉన్నాయి. వాడు ఫోన్ చూసుకుంటున్నాడు. తలెత్తేసరికి తాతయ్య ఎదురుగా ఉన్నాడు. బండి ఆపాడక్కా. దిగాడు కూడా. ఆయనకి స్పృహ ఉంది. "ఇక్కడుంటే ఇంకో బండి వస్తుంది, నన్ను కాస్త పక్కకి జరుపు నాయనా" అన్నాడట. జరిపాడు. సంచి మడిచి తలకింద పెట్టాడు. "నువ్వు లాండ్రీ అమ్మ కొడుకువి కదూ" అని గుర్తుపట్టాడట. వీడు వణికిపోతుంటే ఆయనే సర్దిచెప్పాడట: "భయపడకు. పాస్టరుగారింటికెళ్ళి ఎవర్నైనా పిలుచుకురా. నేనిక్కడే ఉంటాను."

"ఇప్పుడే వస్తాను తాతయ్యా" అని చెప్పి వీడు బండెక్కాడు.

పాస్టరుగారిల్లు దాటిపోయాక గాని తను ఆపలేదని తెలియలేదంటాడు. మళ్ళీ వెంటనే, "కాదు పిన్నీ, తెలుసు" అంటాడు. ఏదైతేనేం, వెనక్కి వెళ్ళలేదు. నేనిక్కడే ఉంటానన్న ఆ మాట చెవుల్లోంచి పోవడం లేదంటాడు.

కోర్టులో ఇదంతా చెప్పేస్తానంటున్నాడు. లాయరుగారు నోరు మూసుకోమంటున్నారు. ప్రాణమున్న మనిషిని వదిలేసి పోయాడని తేలితే ఏళ్ళ తరబడి శిక్ష పడుతుంది. బ్రేకుల మాట మీద ఉంటే బయటపడే వీలుందట. వాడు ఎటూ తేల్చుకోలేక భారం నా మీద పెట్టాడు, నేను నీ మీద పెడుతున్నాను. అమ్మ ఏమంటే అదేనన్నాడు. నువ్వు ఊరుకోమంటే నేనూ ఊరుకుంటాను, ఒట్టు.

చెల్లి


లాండ్రీ నుంచి

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. ఇంటికెళ్ళే చదివాను.

ఏం రాయాలో తోచక ఇన్నాళ్ళూ రాయలేదు. మోకాళ్ళ మీదికి వెళ్తే మాట రావడం లేదు. అలవాటు కొద్దీ, నా కొడుకు నిర్దోషి ప్రభువా, అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నాను. ఆయనకి మొదటినుంచీ తెలుసు కదా. ఆయన ముఖం మీదే ఆ మాట అన్నిసార్లు అరిచి చెప్పాను. విని ఊరుకున్నాడు.

ఆ ఉపమానంలో విధవరాలిని నేననుకున్నాను. నేను కాదు, ఆవిడ. ఆవిడ తలుపు తడుతుంటే లోపల గడియ పట్టుకుని నిలబడ్డదాన్ని నేను.

ఈ ఆదివారం కూడా ఆవిడ లేచి అదే అడిగింది. అదే గొంతు, అవే మాటలు. మళ్ళీ మొదలుపెట్టింది అన్నట్టు పక్కవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. నేను పాటల పుస్తకం అడ్డం పెట్టుకున్నాను.

ఎవరికీ ఏమీ చెప్పకు. లాయరుగారు చెప్పినట్టే చెయ్యమను. తల్లిని, ఇంకేమనగలను. నన్నింకేం అడక్కు.

అక్క


కళ్ళద్దాల షాపు నుంచి

అక్కా,

నీ మాట వాడికి చేరవేశాను. "అమ్మ అలా అందా" అన్నాడు. ఆ తర్వాత సరేనన్నాడు. నేను లేచి వచ్చేస్తూ వెనక్కి చూస్తే, అవతల ఎవరూ లేని ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

నిన్ను తప్పుపట్టడానికి కాదు ఇది రాస్తున్నది. నాకు పిల్లల్లేరు, ఉంటే నేనూ అదే అనేదాన్ని. ఈరోజు షాపుకి ఒక పెద్దావిడ వచ్చింది. కొత్త అద్దాలు పెట్టి చూడమంటే, "ఇంత స్పష్టంగా కనబడితే ఎలాగమ్మా, మా ఇంటి నిండా దుమ్మే" అంది. అందరం నవ్వాం. తర్వాత మధ్యాహ్నమంతా నాకు నువ్వే గుర్తొచ్చావు.

నీకెప్పుడూ చెప్పలేదు, మన అమ్మ పోయినప్పుడే నేను ప్రార్థన మానేశాను. అడిగీ అడిగీ అలిసిపోయి మానేశాను. అక్క మానలేదు కదా, మనింట్లో ఒక్కరైనా ఉన్నారులే అని ధీమాగా ఉండేదాన్ని. ఇప్పుడు నీకే మాట రావడం లేదంటే నాకేం పాలుపోవడం లేదు.

వాయిదా వచ్చే నెలలో. శుక్రవారాలు కాసిని పాలైనా తాగు.

చెల్లి


ఇంటి నుంచి,
ఆదివారం మధ్యాహ్నం

చెల్లీ,

టైలరమ్మకి చెప్పేశాను.

ఎవరూ లేని ఫోను పట్టుకుని వాడు కూర్చున్నాడన్న మాట నన్ను పని చేసుకోనివ్వలేదు. దుప్పటి మీద దుప్పటి మడతపెడుతున్నా ఎదురుగా అదే. పెద్ద పెద్ద ప్రార్థనలు చేసిన నోరు నాది. ఆ రోజు మాత్రం, నావల్ల కావడం లేదు, నువ్వే చూసుకో, అన్నాను. అంతకు మించి ఏమీ రాలేదు. డ్యూటీ దిగి ఆవిడ ఇంటివైపు నడిచాను.

తలుపు సందులోంచి నన్ను చూసి మూసేసింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. లోపల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది గాని తలుపు తెరుచుకోలేదు. వెళ్తూనే ఉన్నాను. ఒకరోజు లోపలినుంచే అంది:

"నీ కొడుకుని క్షమించమని అడగడానికొస్తే, అది నా దగ్గర లేదు. వెళ్ళు."

"అందుకు రాలేదు" అన్నాను.

అయినా తీయలేదు. ఎదురింటాయన నన్ను రోజూ చూసి, "కుట్టడానికిచ్చిన బట్టలు ఇంకా అవ్వలేదామ్మా" అని జాలిపడ్డాడు. ఇంకా అవ్వలేదండీ అన్నాను.

నిన్న వాన గట్టిగా పట్టింది. మెట్టు మీదే నిలబడ్డాను. కదిలే ఓపిక కూడా లేదు నిజానికి. అప్పుడు తీసింది. లోపలికి రమ్మనలేదు. మిషన్ మీద సగం కుట్టిన స్కూలు చొక్కా ఉంది, మెడలో కొలతల టేపు ఉంది. "చెప్పు" అంది.

"మీరడుగుతున్న మనిషి నా కొడుకే. సంచి పెట్టింది వాడే."

ఆవిడ టేపు రెండు కొసలూ గట్టిగా పట్టుకుంది. "ప్రాణం ఉందా?"

"ఉంది. మాట్లాడాడు."

"ఏమన్నాడు?"

అంతా చెప్పాను. ఒక్క మాట మింగలేదు. ఇప్పుడే వస్తానని వాడు వెళ్ళిందీ, తిరిగి రానిదీ కూడా. ఆవిడ మధ్యలో చిన్న చిన్న ప్రశ్నలు వేసింది. మూలిగాడా? చలేస్తోందన్నాడా? నా పేరు తలిచాడా? తెలిసినవి చెప్పాను. తెలియనివి తెలియదన్నాను. ఆవిడ పేరు సంగతి తెలియదని చెప్పేటప్పుడు, తలిచాడని ఒక్క అబద్ధం ఆడేద్దామా అనిపించింది. ఆడలేదు.

"మీవాణ్ణి తిట్టలేదా?"

"లేదట. భయపడకు అన్నాడట."

"అంటాడు" అంది. "నేనిక్కడే ఉంటానన్నాడు కదూ. అయితే వీడు వస్తాడనే చివరిదాకా చూసి ఉంటాడు" అని తనలో తను అనుకుంది. గుమ్మానికి ఆనుకుని ఏడ్చింది. నేను చెయ్యి చాపబోయి ఆగిపోయాను. పట్టుకునే హక్కు నాకెక్కడిది. నేనూ ఏడ్చాను, మెట్టు కింద, వేరుగా నిలబడి.

తర్వాత ముఖం తుడుచుకుని అడిగింది. "ఇది కోర్టుకి తెలిస్తే మీవాడికి కష్టం కదా."

"అవును."

"తెలిసే వచ్చావా?"

తలూపాను. తలుపు వేసేసింది. ఈసారి మెల్లగా వేసింది.

వాడితో చెప్పు, అమ్మ అంతకుముందన్న మాట వెనక్కి తీసుకుందని. నిజం చెప్పమను. తల వంచుకుని చెప్పినా సరే, దాచకుండా చెప్పమను. ఒళ్ళు కాలిపోతోంది, ఉంటాను.

అక్క


కోర్టు వరండాలో మొదలుపెట్టి, ఇంటి దగ్గర పూర్తిచేసింది

అక్కా,

జ్వరం తగ్గిందా? ఈ పరిస్థితిలో నువ్వు ప్రయాణం పెట్టుకోకపోవడమే మంచిదైంది.

చెప్పాడు. మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. లాయరుగారు ఫైలు మూసేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. "నేనిక్కడే ఉంటాను" అన్న మాట రెండుసార్లు మొదలుపెట్టి పూర్తిచెయ్యలేకపోయాడు. జడ్జిగారు నీళ్ళిప్పించి, తొందరేం లేదు చెప్పు అన్నారు. నాలుగేళ్ళు వేశారు. ఒప్పుకున్నందుకు తగ్గించామన్నారు. ఎంతనుంచి తగ్గిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

తీసుకెళ్ళిపోతుంటే నావైపు తిరిగి, "ఇక అమ్మని రమ్మను పిన్నీ" అన్నాడు. ముఖం కాస్త తేటపడింది. నిద్ర మాత్రం పట్టడం లేదంటున్నాడు. కళ్ళు మూస్తే ఆ మలుపే కనబడుతుందట.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఇది పూర్తిచేశాను. నీకు ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్పేసే ఉంటారు. అయినా నా నోటితో చెప్పాలనిపించింది.

చెల్లి


ఆస్పత్రి లాండ్రీ నుంచి

చెల్లీ,

జ్వరం తగ్గింది, నీరసం తగ్గలేదు. వచ్చే నెలలో సెలవిస్తామన్నారు. వస్తున్నాను.

నాలుగేళ్ళు అని వినగానే కుప్పకూలిపోతాననుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. మిషన్లోంచి బట్టలు తీశాను, మడతపెట్టాను, బండి మీద పేర్చాను. పాస్టరమ్మగారు వచ్చి, "నువ్వంత ప్రార్థన చేసినా ఇలా అయిందేమిటమ్మా" అని నొచ్చుకున్నారు. నేనడిగిందే అయింది. ఆ మనిషిని బయటికి తీసుకురమ్మని దేవుడి ప్రాణం తోడేసింది నేనే కదా. తీసుకొచ్చాడు.

ఇప్పటి నా ప్రార్థన వింటే నువ్వు నవ్వుతావు. కనికరించు ప్రభువా. అంతే. మోకాళ్ళు వంగడం లేదు, స్టూలు మీద కూర్చునే అంటున్నాను. ఒక్కోసారి ఆ రెండు మాటలు అనడానికి కూడా బద్ధకమే. అయినా మానడం లేదు. ఇదివరకు పంతంతో పట్టుకున్నాను. ఇప్పుడు పోవడానికి వేరే చోటు లేక పట్టుకున్నాను.

నిన్న ఆరాధన అయ్యాక చర్చి ఊడవడం నా వంతు. బల్లలు జరుపుతుంటే టైలరమ్మ వెనక్కి వచ్చింది. ఏదో మరిచిపోయి వచ్చిందనుకున్నాను.

"మీవాడు నిద్రపోతున్నాడా?" అంది.

"లేదట."

"నాకూ పట్టడం లేదు."

బల్ల రెండో కొస పట్టుకుంది. ఇద్దరం ఎత్తి గోడవారకి జరిపాం. చేతులు దులుపుకుని, నా ముఖం చూడకుండా అంది: "ఇద్దరి నిద్ర కోసమూ నువ్వే అడుగు. వాడి కోసం అడగడం నాకింకా చేతకావడం లేదు."

వెళ్ళిపోయింది.

అడుగుతున్నాను. ముందు ఆవిడ పేరు, తర్వాత వాడి పేరు.

అక్క


కళ్ళద్దాల షాపు నుంచి

అక్కా,

నువ్వు బయల్దేరేలోపే ఇది అందాలని ఈరోజే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివిన రోజున నేనూ ఏదో అన్నాను. దాన్ని ప్రార్థన అనొచ్చో లేదో తెలియదు. అద్దం అరగదీసే చక్రం తిరుగుతోంది, ఆ చప్పుడులో నాకే సరిగ్గా వినబడలేదు. ఇన్నేళ్ళ తర్వాత కదా, మొదట ఏమని పిలవాలో కూడా తోచలేదు.

శనివారం వాడి దగ్గరికెళ్ళి నువ్వు రాసినదంతా చెప్పాను. 'వాడి కోసం అడగడం నాకింకా చేతకావడం లేదు' అని టైలరమ్మ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"ఆవిడ 'ఇంకా' అందా పిన్నీ? నువ్వు కలిపావా?"

"నేనెందుకు కలుపుతాను. మీ అమ్మ అలాగే రాసింది."

"అయితే అమ్మ కలిపి ఉంటుంది."

"మీ అమ్మ ఈమధ్య ఏదీ కలపడం లేదురా" అన్నాను.

నమ్మలేదు. నీ ఉత్తరం తీసి, ఆ వాక్యం పైకి వచ్చేలా మడిచి, అద్దానికి ఆనించి పట్టుకున్నాను. వాడు ఫోను కింద పెట్టేశాడు. అద్దానికి నుదురు ఆనించి, ఆ ఒక్క మాట దగ్గరే కళ్ళు పెట్టుకుని ఉండిపోయాడు. చెయ్యి లాగేస్తున్నా, టైమైందని లేపేదాకా నేను దించలేదు.

చెల్లి